చిన్నపిల్లలకు ఇంగ్లీషు మాటల అర్థాలు సులువైన ఇంగ్లీషులో: రాయడం, నేర్పడం, సరిచూడడం

మూడో తరగతి పిల్లవాడి నోట్సు తెరిస్తే "ఎనార్మస్ అంటే హ్యూజ్" అని ఉంటుంది. రెండు పేజీలు తిప్పితే "హ్యూజ్ అంటే వెరీ లార్జ్". మరి లార్జ్ అంటే ఏంట్రా అని అడిగితే నేలచూపులు చూస్తాడు. మూడు మాటలూ గుక్క తిప్పుకోకుండా అప్పజెప్తాడు, ఒక్కదాన్నీ వాడలేడు.

రెండో తరగతి నుంచి ఐదో తరగతి దాకా చదివే పిల్లల అమ్మానాన్నలకూ, సాయంత్రం ట్యూషన్ చెప్పేవాళ్లకూ పనికొచ్చేలా ఈ పద్ధతిని వరసగా రాశాం. కొలత ఒక్కటే. అర్థం విన్నాక పిల్లలు ఆ వస్తువును చూపించాలి, లేదా ఆ పని చేసి చూపాలి, లేదా ఆ మాటతో తమ సంగతి ఒకటి చెప్పాలి. అది జరగకపోతే అర్థం చెప్పినట్టు కాదు.

ఉదాహరణలన్నీ విజయవాడ, గుంటూరు పిల్లల కళ్లముందు ఉండేవే. ఇంగ్లీషు వాక్యాలను ఇక్కడ తెలుగు లిపిలో ఇచ్చాం. పిల్లల కార్డుల మీద మాత్రం ఇంగ్లీషు అక్షరాలతోనే రాయాలి. తెలుగు లిపిలో రాసిస్తే వాళ్లు స్పెల్లింగు వంక చూడనే చూడరు.

1. ముందుగా చేతిలో ఉండాల్సినవి

☐ 22 × 28 అంగుళాల తెల్ల చార్టు ఒకటి. 3 × 4 అంగుళాల ముక్కలుగా కోస్తే 49 కార్డులొస్తాయి, అంచున అంగుళం పట్టీ మిగులుతుంది. వారానికి పది మాటల లెక్కన దాదాపు ఐదు వారాలకు సరిపోతాయి.

☐ నీలం బాల్ పెన్ను. స్కెచ్ పెన్ను వద్దు. పలచటి చార్టయితే సిరా అవతలికి దిగి, వెనక రాసిన అర్థం ముందే కనపడిపోతుంది.

☐ మూడు ఖాళీ చెప్పుల డబ్బాలు. మూతల మీద 1, 2, 3 అని వేయండి.

☐ పోయిన ఏడాది ఇంగ్లీషు పాఠ్యపుస్తకం. ఈ ఏడాదిది కాదు. ఎందుకో రెండో మెట్టులో తెలుస్తుంది.

☐ ఒక లెర్నర్స్ డిక్షనరీ, అంటే ఇంగ్లీషు కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం రాసినది. ఇది మీకు, పిల్లలకు కాదు.

ప్రభుత్వ బడి పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగు ఉంటుంది. పిల్లల కళ్లు సహజంగా తెలుగు పేజీకే పోతాయి. పాఠం చదివేటప్పుడు ఆ పేజీ మీద ఒక తెల్లకాగితం కప్పండి, చివర్లో సరిచూసుకోవడానికి మాత్రం తీయండి.

2. తెలిసిన మాటల పట్టీ

అందరూ దాటేసే మెట్టు ఇదే. అర్థం చెప్పడానికి వాడే మాటలు పిల్లలకు ముందే తెలిసి ఉండాలి. తెలియని మాటకు మరో తెలియని మాటనే అర్థంగా చెప్తే చీకట్లో చీకటిని వెతికినట్టే. లాంగ్‌మన్ లెర్నర్స్ డిక్షనరీ తయారుచేసినవాళ్లు సుమారు 2000 మాటలు ముందుగా ఎంచుకుని, అర్థాలు వాటితోనే రాయాలని నియమం పెట్టుకున్నారు. మన పిల్లలకు 150 మాటలు చాలు.

పట్టీ చేసే విధానం:

మొదట, పోయిన ఏడాది పుస్తకంలోంచి 200 మాటలు ఏరండి. ఈ ఏడాది పుస్తకంలోవి ఇంకా నలగని మాటలు, వాటిని నమ్ముకోకూడదు.

రోజుకు 50 చొప్పున నాలుగు రోజులు అడగండి. మాట విన్న ఐదు సెకన్లలో చూపించడమో, చేసి చూపడమో, తెలుగులో చెప్పడమో జరిగితే టిక్కు పెట్టండి. తలగోక్కుంటే వదిలేయండి. "నిన్న చెప్పాను కదరా" అని గదమాయించే సందర్భం కాదిది, లెక్క తీసుకునే సందర్భం.

తర్వాత ఈ పనిముట్టు మాటలు పట్టీలో ఉన్నాయో లేదో చూడండి. లేకపోతే ముందు ఇవే నేర్పాలి:

☐ జాతి మాటలు: పర్సన్, యానిమల్, బర్డ్, ప్లాంట్, ఫుడ్, థింగ్, ప్లేస్, పార్ట్
☐ పని మాటలు: మేక్, యూజ్, గో, పుట్, గివ్, టేక్, ఫీల్, వాంట్
☐ గుణం మాటలు: బిగ్, స్మాల్, హాట్, కోల్డ్, హార్డ్, సాఫ్ట్, సేమ్
☐ అతికే మాటలు: దట్, హూ, వేర్, వెన్, విత్, ఫర్, లైక్, బట్, నాట్

అతికే మాటల్లో "దట్" దగ్గర మన పిల్లలు ఆగిపోతారు. కారణం తెలుగులోనే ఉంది. మనం "మొరిగే కుక్క" అంటాం. వర్ణన ముందు, కుక్క తర్వాత. ఇంగ్లీషులో కుక్క ముందొచ్చి, మొరగడం "దట్"ను పట్టుకుని వెనక వస్తుంది: "ఎ డాగ్ దట్ బార్క్స్". ఈ తిరగేత అలవాటు కాకపోతే ఇంగ్లీషులో ఏ అర్థం చెప్పినా సగంలోనే జారిపోతుంది.

అందుకని మొదటి రెండు రోజులు కొత్త మాటలేవీ వద్దు. ఈ తిరగేతనే ఆటలా ఆడించండి. మీరు తెలుగులో అంటే పిల్లలు ఇంగ్లీషులోకి తిప్పాలి. పాలిచ్చే గేదె: "ఎ బఫెలో దట్ గివ్స్ మిల్క్". మమ్మల్ని బడికి తీసుకెళ్లే ఆటో: "ఎన్ ఆటో దట్ టేక్స్ అజ్ టు స్కూల్". మనుషులైతే దట్ బదులు హూ: కూరగాయలు అమ్మే ఆవిడ, "ఎ వుమన్ హూ సెల్స్ వెజిటబుల్స్". ఇలాంటివి ఇరవై తిప్పితే దారి పడుతుంది.

3. వారానికి ఏ పది మాటలు

ఐదు పాఠంలోంచి. మూడు ఇంట్లోంచో వీధిలోంచో. రెండు పిల్లలు తమంతట తాము అడిగినవి. అడిగిన మాట ఎంత కష్టమైనా తీసుకోండి. అడిగి తెలుసుకున్నది నిలిచినట్టు ఇంకేదీ నిలవదు.

ది, ఆఫ్, టు, ఈజ్ లాంటి మాటలకు అర్థాలు రాయించకండి. వాటిని వాక్యాల్లో చదివించడమే. డోల్చ్ పట్టీ పేరుతో దొరికే 220 మాటలు కూడా చూడగానే చదవడం కోసం ఏర్చినవి, అర్థాలు బట్టీ పట్టించడానికి కాదు.

ఇంకో జాగ్రత్త. బారో–లెండ్, లెఫ్ట్–రైట్, థిక్–థిన్ లాంటి జంటలను ఒకే రోజు నేర్పకండి. రెండూ కొత్తవైతే తప్పకుండా తారుమారవుతాయి. ఈ వారం ఒకటి, అది గట్టిపడ్డాక రెండు వారాలకు రెండోది.

4. అర్థం కట్టడం

మాట రకాన్నిబట్టి అచ్చు మారుతుంది. నాలుగు అచ్చులు చాలు.

4.1 పేరు మాటలు: జాతి, గుర్తు

రెండు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఏ జాతిది? ఆ జాతిలో మిగతావాటికి లేనిది దీనికేముంది?

"కెనాల్" తీసుకుందాం. పిల్లలకు రివర్ తెలుసు. కాలువ కూడా నదిలాగే పారే నీరు. తేడా ఏమిటంటే మనుషులు తవ్వింది. "ఎ కెనాల్ ఈజ్ లైక్ ఎ రివర్, బట్ పీపుల్ మేడ్ ఇట్." విజయవాడ పిల్లలకు ఇంతకంటే అక్కర్లేదు. ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవస్ కాలువ ఊరి నడిమధ్యనుంచే పోతున్నాయి, పక్కనే కృష్ణ ఉంది. రెండింటినీ చూపించి ఏది రివర్, ఏది కెనాల్ అని అడగడమే.

గుర్తు సరిగ్గా పడకపోతే అర్థం చెడుతుంది. "ఎ క్రో ఈజ్ ఎ బర్డ్ దట్ ఫ్లైస్" అంటే పావురమూ అదే, చిలకా అదే. "ఎ క్రో ఈజ్ ఎ బ్లాక్ బర్డ్ దట్ సేస్ కా కా" అంటే సరిపోయింది. కోకిల కూడా నల్లదే కదా అని ఎవరైనా పిల్ల అడ్డుపడితే ముచ్చటపడండి. కా కా అన్నది అందుకే పెట్టాం.

గుర్తు మరీ ఇరుకైనా ఇబ్బందే. "ఎ బ్రిడ్జ్ ఈజ్ ఎ రోడ్ ఓవర్ ఎ రివర్" అంటే వారధికి సరిపోతుంది, రైల్వే స్టేషన్లో పట్టాల మీదుగా దాటే మెట్ల వంతెనకు సరిపోదు. "యూ యూజ్ ఎ బ్రిడ్జ్ టు గో ఓవర్ ఎ రివర్, ఎ రోడ్, ఆర్ ఎ రైల్వే లైన్" అంటే రెండూ ఇముడుతాయి.

ఇక్కడ విజయవాడ పిల్లలు తప్పకుండా ఒక ప్రశ్న వేస్తారు. ప్రకాశం బ్యారేజీ బ్రిడ్జా కాదా? రెండూను. 1957లో పూర్తయిన ఆ కట్టడం దాదాపు 1223 మీటర్ల పొడవున నదికి అడ్డంగా నిలబడి, గేట్లతో నీళ్లాపి కాలువలకు మళ్లిస్తుంది; దాని మీద బళ్లూ వెళ్తాయి. "ఎ బ్యారేజ్ ఈజ్ ఎ లాంగ్ వాల్ విత్ గేట్స్ అక్రాస్ ఎ రివర్." చేసే పనిని బట్టి ఒకే వస్తువుకు రెండు పేర్లుండవచ్చని పిల్లలకు తెలియడానికి ఇంతకంటే పెద్ద బొమ్మ దొరకదు.

4.2 పని మాటలు: "వెన్ యూ"

"పీల్: టు రిమూవ్ ది ఔటర్ కవరింగ్" అని గైడుల్లో ఉంటుంది. ఒక మాట కోసం మూడు కొత్త మాటలు. దీన్నే "వెన్ యూ పీల్ ఎ బనానా, యూ టేక్ ఆఫ్ ఇట్స్ స్కిన్" అని రాస్తే ఎవరు చేస్తారో, దేన్ని చేస్తారో, ఏమవుతుందో అన్నీ వాక్యంలోనే కనపడతాయి. కోబిల్డ్ డిక్షనరీ 1987లో ఇలా నిండు వాక్యాల్లో అర్థాలు ఇచ్చింది; పిల్లలకు ఇదే బాగా పట్టుబడుతుంది.

గుంటూరు వైపు పిల్లలకు "డ్రై" ఇలా: "వెన్ ఫార్మర్స్ డ్రై చిల్లీస్, దే పుట్ దెమ్ ఇన్ ది సన్." కళ్లాల్లో ఎర్రగా పరిచిన మిరపకాయలు చూసినవాళ్లకు ఈ వాక్యం బొమ్మలా కనిపిస్తుంది.

4.3 గుణం మాటలు: ఇది అవును, అది కాదు

గుణానికి ఒంటి వాక్యం చాలదు. అవునన్నదొకటి, కాదన్నదొకటి పక్కపక్కన ఉండాలి. "స్టీప్": "ఎ స్టీప్ రోడ్ గోస్ అప్ సో మచ్ దట్ ఇట్ ఈజ్ హార్డ్ టు వాక్." ఇంద్రకీలాద్రి మెట్లు స్టీప్. బీసెంట్ రోడ్డు స్టీప్ కాదు. అక్కడ నడవడం కష్టమే, కానీ అది జనం వల్ల.

వ్యతిరేక పదంతో చెప్పొచ్చు, అది ముందే తెలిసినదైతేనే. వెట్ తెలిసిన పిల్లలకు "డ్రై మీన్స్ నాట్ వెట్" అనడం తప్పు కాదు.

4.4 మనసుకు సంబంధించినవి: సందర్భం చెప్పాలి

ప్రౌడ్, షై, జెలస్, ఫెయిర్ లాంటివి చూపించలేం, సందర్భంలో పెట్టాలి. "యూ ఫీల్ ప్రౌడ్ వెన్ యూ డూ సమ్‌థింగ్ హార్డ్ అండ్ డూ ఇట్ వెల్."

ఇక్కడ తెలుగు మాట తొందరపడి చెప్తే దెబ్బ తింటారు. ప్రౌడ్ అంటే గర్వం అంటే చాలు, పిల్లలు "అయామ్ ప్రౌడ్" అనడానికి జంకుతారు, ఎందుకంటే ఇంట్లో "గర్వం తలకెక్కింది" అనే మాటే ఎక్కువ విని ఉంటారు. షై కూడా అంతే. మన "సిగ్గు"లో కొత్తవాళ్ల ముందు మాట రాకపోవడమూ ఉంది, తప్పు చేసి తలదించుకోవడమూ ఉంది. షై మొదటిదే.

రాసిన ప్రతి అర్థాన్నీ కార్డుకెక్కించే ముందు చూసుకోవలసినవి:

☐ మొత్తం 15 మాటల్లోపు ఉందా
☐ ప్రతి మాటా పట్టీలోదేనా, లేదా కళ్లముందు చూపించగలిగినదేనా
☐ దట్ గానీ హూ గానీ ఒకసారికి మించి రాలేదు కదా
☐ వేరే వస్తువుకు కూడా సరిపోయేలా లేదు కదా
☐ ఏకవచనం ముందు ఎ లేదా ఎన్ ఉందా

5. తెలుగు ఎక్కడ సాయం, ఎక్కడ అడ్డం

ఇంగ్లీషు నేర్పేటప్పుడు తెలుగు నోట రాకూడదనే పట్టుదల వల్ల లాభం లేదు. మింట్ అంటే పుదీనా, టామరిండ్ అంటే చింతపండు, గార్లిక్ అంటే వెల్లుల్లి. ఒక్క క్షణంలో అయిపోయేదానికి పది నిమిషాలు సైగలు చేయడం ఎందుకు? మొక్కలు, దినుసులు, జంతువుల పేర్లకు నేరుగా తెలుగు చెప్పేయండి. చిక్కంతా మూడు చోట్ల వస్తుంది.

5.1 తెలుగులో ఒకటి, ఇంగ్లీషులో రెండు

పొడుగు: నిలబడినదాని పొడుగు టాల్, పడుకున్నదాని పొడుగు లాంగ్. కొబ్బరిచెట్టు టాల్, తాడు లాంగ్.

చెయ్యి: భుజం నుంచి మణికట్టు దాకా ఆర్మ్, అక్కణ్నుంచి హ్యాండ్. మణికట్టు దగ్గర పెన్నుతో గీత గీసి చూపండి. కాలికీ అంతే, చీలమండ పైన లెగ్, కింద ఫుట్. చేతి వేలు ఫింగర్, కాలి వేలు టో.

చూడు: కంటపడితే సీ, కావాలని తిప్పి చూస్తే లుక్, కదిలేదాన్ని కాసేపు చూస్తే వాచ్. టీవీ వాచ్ చేస్తాం.

అప్పు: తీసుకునేది బారో, ఇచ్చేది లెండ్. "వెన్ యూ బారో ఎ పెన్, యూ టేక్ ఇట్ అండ్ గివ్ ఇట్ బ్యాక్ లేటర్."

అన్నిటికంటే పేచీ పెట్టేది "వెయ్యి". లైటు వెయ్యి అంటే టర్న్ ఆన్. తలుపు వెయ్యి అంటే క్లోజ్. చొక్కా వేసుకో అంటే పుట్ ఆన్. చెత్త బుట్టలో వెయ్యి అంటే త్రో. పిల్లలు "పుట్ ది లైట్" అనేది ఈ దారినే. "తియ్యి"ది కూడా ఇదే తంతు: తలుపుకు ఓపెన్, పుస్తకానికి టేక్ అవుట్, చొక్కాకు టేక్ ఆఫ్. ఈ రెండు మాటలకూ విడి కార్డులు వద్దు. ఒక చార్టు ముక్క మీద నాలుగు బొమ్మలు గీసి గోడకు అంటించండి.

5.2 ఇంగ్లీషులో ఒకటి, తెలుగులో పలు

పొలంలో వరి, బస్తాలో బియ్యం, కంచంలో అన్నం, మూడూ రైస్. అత్త, పిన్ని, పెద్దమ్మ అందరూ ఆంట్. పక్కింటి ఆంటీ మాత్రం ఇంగ్లీషు లెక్కలో చుట్టం కాదు.

"హాట్" దగ్గర జాగ్రత్త. మే నెల మధ్యాహ్నం హాట్, పొయ్యి మీద టీ హాట్, గుంటూరు మిరపకాయ కూడా హాట్. ఎండ, వేడి, కారం అని మనకు మూడు మాటలున్నాయి. రెండు కార్డులు చేయండి. ఒకటి ఎండకూ వేడికీ: "ఇఫ్ సమ్‌థింగ్ ఈజ్ హాట్, ఇట్ కెన్ బర్న్ యువర్ హ్యాండ్" అని టీకి చెప్పి, ఎండను పక్కన ఉదాహరణగా రాయండి. రెండోది కారానికి: "హాట్ ఫుడ్ మేక్స్ యువర్ టంగ్ బర్న్, ఈవెన్ వెన్ ఇట్ ఈజ్ కోల్డ్." ఫ్రిజ్‌లోంచి తీసిన ఆవకాయ ముక్క నాలుక మీద పెడితే ఆ రెండో వాక్యానికి వివరణ అక్కర్లేదు.

5.3 తెలుగులోకి వచ్చి తీరు మార్చుకున్నవి

ఇవి తెలిసినట్టే ఉంటాయి కాబట్టి ఎవరూ నేర్పరు. తీరా పాఠంలో వచ్చినప్పుడు పిల్లలు పప్పులో కాలేస్తారు.

హోటల్: మనకు ఇడ్లీ తినే చోటు. ఇంగ్లీషులో "ఎ ప్లేస్ వేర్ యూ పే టు స్లీప్". తినే చోటు రెస్టారెంట్.

సెంటర్: మనకు నాలుగు రోడ్లు కలిసే చోటు, లెనిన్ సెంటర్, శంకర్ విలాస్ సెంటర్. పాఠంలో అది నడిమి భాగం, వృత్తం మధ్య చుక్క.

గ్లాస్: స్టీలుదైనా మనకు గ్లాసే. ఇంగ్లీషులో గాజుదైతేనే గ్లాస్.

కరెంట్: మనకు పోయేది, వచ్చేది. ఇంగ్లీషులో "ది పవర్ ఈజ్ అవుట్" అంటారు. నదుల పాఠంలో కరెంట్ అంటే నీటి ఒరవడి.

ఇలాంటి మాట కనపడినప్పుడు కార్డు మూలన ఒక చిన్న ఇల్లు బొమ్మ గీయండి. ఇంటి అర్థం వేరు, పుస్తకం అర్థం వేరు అని గుర్తు.

6. కార్డు ఎలా రాయాలి

ముందువైపు మాట ఒక్కటే. వెనక పైన అర్థం, మధ్యలో చిన్న బొమ్మ, కింద పిల్లలు తమ గురించి రాసిన వాక్యం. తెలుగు అర్థం కుడి మూలన పెన్సిల్‌తో రాసి, ఆ మూల మడిచేయండి. చివరి దిక్కుగా మాత్రమే మడత విప్పాలి.

బడి నోట్సులో టీచరు ఇచ్చిన అర్థం వేరే ఉండి, పరీక్షలో అదే రాయాలంటే దాన్ని కార్డు అడుగున "పరీక్షకు" అని గుర్తు పెట్టి రాయండి. మార్కుల కోసం అది, మాట కోసం ఇది. పిల్లలకు ఈ తేడా మనం అనుకున్నదానికంటే తొందరగా అర్థమవుతుంది.

7. రోజుకు పదిహేను నిమిషాలు

సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు రెండు కొత్త మాటలు. మొదటి ఐదు నిమిషాలు పాత కార్డులు, తర్వాత ఒక్కో కొత్త మాటకు ఐదేసి నిమిషాలు. ఆ ఐదు నిమిషాల్లో వరస ఇది:

ఒకటి. వస్తువో బొమ్మో చూపండి, లేదా ఆ పని చేసి చూపండి. ఇంకా మాట చెప్పకండి.

రెండు. మాట మూడుసార్లు పలకండి, పిల్లలు తిరిగి పలకాలి. కార్డు ఇంకా చూపకండి.

మూడు. అర్థం మొత్తం నిదానంగా రెండుసార్లు చెప్పండి.

నాలుగు. మూడు ప్రశ్నలు వేయండి, కనీసం ఒకదానికి జవాబు "నో" కావాలి. కృష్ణ కెనాలా? బందరు కాలువ కెనాలా? మన వీధి మురుగు కాలువ? మూడోదానికి పిల్లలు వాదిస్తే వాదించనివ్వండి. అది డ్రెయిన్, మనుషులు తవ్విందే కానీ నీళ్లు తీసుకొచ్చేందుకు కాదు, మురుగు తీసుకుపోయేందుకు.

ఐదు. ఇప్పుడు కార్డు చూపి స్పెల్లింగు రాయించండి.

ఆరు. వాళ్ల సొంత వాక్యం ఒకటి.

స్పెల్లింగు చివరికి ఎందుకంటే, తెలుగులో రాసినట్టే చదువుతాం. ఐలాండ్ అక్షరాలు ముందు చూస్తే పిల్లలు "ఇస్లాండ్" అంటారు, నైఫ్ చూస్తే "క్నైఫ్" అంటారు. భవానీ ఐలాండ్ అని నోట నానాక అక్షరాలు చూపిస్తే, ఆ పలకని ఎస్‌ను వాళ్లే వేలెత్తి చూపిస్తారు.

పలుకుబడిలో మూడే సరిచేయండి. ఎగ్‌ను యెగ్ అనడం, ఓన్లీని వన్లీ అనడం. బుక్‌కు చివర ఉకారం తగిలించి బుక్కు అనడం. వి, డబ్ల్యూ రెంటినీ ఒకేలా పలకడం. షిప్–షీప్ లాంటి పొట్టి, పొడుగు అచ్చుల తేడా మనవాళ్లకు తేలిక, తెలుగు గుణింతమే అది నేర్పేసింది.

8. డబ్బాల తిరుగుడు

కొత్త కార్డు 1వ డబ్బాలో పడుతుంది. 1వ డబ్బా రోజూ, 2వది మూడు రోజులకోసారి, 3వది ఆదివారం తీయాలి. సరిగ్గా చెప్తే కార్డు పై డబ్బాకు, తప్పితే ఎక్కడున్నా మళ్లీ 1కి. 3వ డబ్బాలో వరసగా రెండు ఆదివారాలు నెగ్గిన కార్డుకు రబ్బరుబ్యాండు వేసి పక్కన పెట్టండి, నెలాఖరున ఒకసారి చూడండి.

1వ డబ్బాలో 15 కార్డులు దాటితే కొత్త మాటలు ఆపేయండి. మూడు రోజులు పాతవే. పరీక్షల ముందు ఈ నియమం తప్పితే డబ్బా నిండుతుంది, బుర్రలో ఏమీ మిగలదు.

9. శనివారం తిరగేసిన పరీక్ష

మాట చెప్పి అర్థం అడగడం సులువు, పిల్లలు బట్టీ కొట్టేస్తారు. శనివారం తలకిందులు చేయండి. మీరు అర్థం చదవండి, పిల్లలు మాట చెప్పాలి. తర్వాత అర్థాన్నే మార్చి చెప్పండి: "పీపుల్ డగ్ దిస్. వాటర్ గోస్ ఇన్ ఇట్ టు ది ఫీల్డ్స్. వాట్ ఈజ్ ఇట్?" కార్డు మీది వాక్యమే బట్టీ పట్టినవాళ్లు ఇక్కడ తడబడతారు, విషయం తెలిసినవాళ్లు కెనాల్ అనేస్తారు.

పదిలో ఎనిమిది వస్తే సరి. ఆరు దిగువకు పడితే తప్పు పిల్లలది కాదు. ఏ అర్థాలు ఆడలేదో ఆ కార్డులు తీసి నాలుగో మెట్టు చెక్‌లిస్టుతో మళ్లీ చూడండి. చాలాసార్లు పట్టీలో లేని మాట ఒకటి దొరుకుతుంది.

10. ఎక్కువగా జరిగే తప్పులు, సవరణలు

మాటను మాటతోనే చెప్పడం. "బేకర్: వన్ హూ బేక్స్." బేక్ తెలిసిన పిల్లలకు ఇది మంచి అర్థమే. తెలియనివాళ్లకు "ఎ పర్సన్ హూ మేక్స్ బ్రెడ్ అండ్ కేక్స్".

"ఎ కెనాల్ ఈజ్ వెన్..." అని మొదలుపెట్టడం. వెన్ పని మాటలకూ, మనసు మాటలకే. పేరు మాటకు జాతితోనే మొదలవ్వాలి. పిల్లలు ఇలా అంటే "వాట్ కైండ్ ఆఫ్ థింగ్?" అని ఒక్క ప్రశ్న వేయండి, దారికొస్తారు.

వ్యాకరణం దగ్గర ఆపడం. "కెనాల్ పీపుల్ మేక్ రివర్" అన్నాడంటే వాడికి అర్థం తెలుసు. "ఎస్, ఎ కెనాల్ ఈజ్ లైక్ ఎ రివర్, బట్ పీపుల్ మేడ్ ఇట్" అని మీరు సరిగ్గా అని ముందుకు సాగండి. ఎర్ర పెన్ను తీస్తే రేపట్నుంచి నోరు విప్పడు.

ఎ ఫర్ యాపిల్ చార్టు మీద ఆధారపడడం. దానిలో ఉన్నవన్నీ పేరు మాటలే. పది కార్డుల్లో కనీసం నాలుగు పని మాటలు, గుణం మాటలు ఉండాలి. లేకపోతే వంద పేర్లు వస్తాయి, ఒక్క వాక్యం రాదు.

అన్నాచెల్లెళ్లకు ఒకే డబ్బా. పెద్దవాడు జవాబు అందించేస్తాడు. డబ్బాలు వేరు చేయండి. కావాలంటే శనివారం పరీక్ష చెల్లికి వాడి చేతే పెట్టించండి.

11. డిక్షనరీ కొనేముందు

కొత్తదే కానక్కర్లేదు. విజయవాడలో లెనిన్ సెంటర్ పాత పుస్తకాల కొట్లలో దొరికేదైనా సరే. రోజువారీ మాటల అర్థాలు పాతబడవు, ఫోన్లూ కంప్యూటర్ల మాటలే ఉండవు. అట్ట మీద "లెర్నర్స్" అని ఉందో లేదో చూడండి. ఆ మాట లేనివి చాలావరకు ఇంగ్లీషు ముందే వచ్చినవాళ్ల కోసం రాసినవి. మధ్యలో ఫారాలు ఊడిపోయాయేమో పేజీ నంబర్లు తిప్పి చూసుకోండి.

తర్వాత కొట్టు ముందే నిలబడి మూడు మాటలు తీయండి: బర్డ్, బారో, బ్రేవ్. బర్డ్ దగ్గర రెక్కలు, ఈకలు, గుడ్లు తెలిసిన మాటల్లో ఉండాలి. బారో దగ్గర తిరిగి ఇవ్వడం గురించి ఉండాలి, కింద వాడిన వాక్యం ఒకటి ఉండాలి. బ్రేవ్ దగ్గర "కరేజియస్" అని ఒక్క ముక్క రాసి ఊరుకుంటే, ధర ఎంత చెప్పినా ఆ పుస్తకాన్ని ఉన్నచోటే పెట్టేయండి.